వెళ్లగొట్టబడిన సేవకుడు, నిలిచిన సంఘము



మన పల్లెలలో ఒక పాస్టరుగారి క్రింద ఐదారు ఊళ్లు ఉండడము మీకు తెలిసినదే. ఒక ఆదివారము ఒక ఊరికి, మరొక ఆదివారము మరొక ఊరికి ఆయన వెళ్తారు. ఆయన రాని ఆదివారము గుడి గంట కొట్టేదెవరు? చాపలు పరచి, పిల్లలను కూర్చోబెట్టి, మొదటి పాట ఎత్తుకునేదెవరు? అర్ధరాత్రి ఎవరికైనా ప్రాణము మీదికి వస్తే మంచము ప్రక్కన మోకరించేదెవరు? ఊరి ఉపదేశిగారు, సంఘపెద్ద, లేక ఒక బైబిలు స్త్రీ. వారి పేర్లు చరిత్ర పుస్తకములలో కనబడవు.

ఈ మాట మనసులో ఉంచుకొని ఈ నెల ఒక మిషనరీ జీవితమును మీ ముందుకు తెస్తున్నాము. ఆయన పేరు అలెగ్జాండర్ డి రోడ్స్. దాదాపు 400 సంవత్సరముల క్రిందట, ఇప్పుడు వియత్నాము అని పిలువబడే దేశములో ఆయన పని చేశారు. ఆయన మన ప్రొటెస్టెంటు సంఘములవారు కారు. యేసు సభ అనే రోమన్ కథోలిక గురువుల సభకు చెందినవారు. ఆయన బోధలో మనము అంగీకరించనివి ఉన్నాయి. అయినా ఆయన జీవితములోని ఒక సంగతి మన పల్లె సంఘములకు పాఠము. ఆయనను ఆ దేశములో నిలువనివ్వలేదు. మాటిమాటికి వెళ్లగొట్టారు. ఆయన వెళ్లిపోయారు, సంఘము మాత్రము నిలిచింది. అది ఎట్లా జరిగింది?

జపాను కొరకు బయలుదేరి

రోడ్స్ గారు 16వ శతాబ్దము చివరి సంవత్సరములలో అవిన్యాన్ పట్టణములో పుట్టారు. ఇప్పుడది ఫ్రాన్సు దేశములో ఉన్నది. అప్పట్లో పోపుగారి పాలన క్రింద ఉండేది. 1612లో ఆయన రోము నగరములో యేసు సభలో చేరారు. జపాను వెళ్లి సువార్త చెప్పాలని ఆయన ఆశ. అక్కడ 1614లోనే మిషనరీలందరు దేశము విడిచి పోవాలని ప్రభుత్వము ఆజ్ఞ ఇచ్చింది. విశ్వాసులను హింసించి చంపుతున్నారు. అక్కడికి వెళ్లడమంటే ప్రాణము మీద ఆశ వదలుకొని వెళ్లడమే.

1619లో ఆయన లిస్బన్ రేవులో ఓడ ఎక్కి, ఆఫ్రికా ఖండమును చుట్టి మన గోవాకు వచ్చారు. అక్కడ రెండేళ్లకు పైగా ఉండి, 1623లో చైనా తీరమున పోర్చుగీసువారి స్థావరమైన మకావ్ చేరారు. తీరా అక్కడికి వెళ్లేసరికి జపాను తలుపు మూసుకుపోయింది. పెద్దలు ఆయనను వియత్నాము పంపారు. ఆయన కోరుకున్న పొలము ఒకటి, దేవుడు చూపిన పొలము మరొకటి. 1624 చివర ఆయన ఆ దేశపు దక్షిణ భాగములో దిగారు.

అప్పుడు ఆ దేశము పేరుకు ఒక రాజుది. నిజానికి ఉత్తర భాగమును త్రిన్ వంశపు ప్రభువులు, దక్షిణ భాగమును న్గుయెన్ వంశపు ప్రభువులు ఏలుతున్నారు. కొద్ది కాలములోనే ఈ ఇరువురి మధ్య యుద్ధము మొదలై ఏళ్ల తరబడి సాగింది. అటు నుండి ఇటు వచ్చిన ప్రతి పరదేశి మీద గూఢచారి అనే అనుమానము.

పిల్లవాడే పంతులు

అక్కడి ప్రజలు మాట్లాడుతుంటే, ముఖ్యముగా స్త్రీలు మాట్లాడుతుంటే, పక్షులు కిచకిచలాడినట్టు వినిపించిందని, ఈ భాష తనకు ఎన్నటికీ రాదనుకున్నానని రోడ్స్ గారే వ్రాసుకున్నారు. ఆ భాషలో ఒకే మాటను ఆరు రాగములతో పలుకవచ్చు. రాగము మారితే అర్థము మారిపోతుంది. 'మా' అనే మాటనే తీసుకోండి. ఒక రాగములో దయ్యము, ఒక రాగములో తల్లి, ఒకదానిలో గుర్రము, ఒకదానిలో సమాధి, ఒకదానిలో 'కాని', ఇంకొకదానిలో వరి నారు! ప్రసంగము చేసేవాని నోట రాగము తప్పితే వినేవారి గతి ఏమి?

ఇటువంటి పొరపాట్లను ఆయన తన పుస్తకములో సరదాగా చెప్పారు. తోటి గురువు ఒకరు చేపలు తెమ్మని పనివానిని సంతకు పంపితే, అతడు వంకాయలు తెచ్చాడు. ఆ భాషలో చేపకు, వంకాయకు రాగములోనే తేడా. మరొకసారి వెదురు నరకమని చెప్పబోయేసరికి అక్కడున్న పిల్లలంతా పరుగో పరుగు. రాగము తప్పినందున 'పిల్లలను నరకండి' అని వారికి వినబడింది!

అక్కడ ఫ్రాన్సిస్కో డి పీనా అనే పోర్చుగీసు గురువు ఉండేవారు. దుబాసీ లేకుండ ఆ భాషలో ప్రసంగించగలిగిన మొదటి ఐరోపావాడు ఆయనే. రోడ్స్ గారు ఆయన వద్ద నేర్చుకోవడము మొదలుపెట్టారు. 1625లో పీనాగారు సముద్రములో మునిగి చనిపోయారు. రోడ్స్ గారికి రాగములు పట్టుబడేటట్టు చేసినది మాత్రము ఆ ఊరి చిన్న పిల్లవాడు. ఇతని భాష ఆయనకు రాదు, ఆయన భాష ఇతనికి రాదు. అయినా ఆయన ఏమి అనబోతున్నారో కనిపెట్టి, సరిగా పలికేవరకు ఆ పిల్లవాడు మరల మరల పలికించేవాడు. మూడు వారములలో రాగములన్నీ నేర్పించాడు. ఆరు నెలలకు రోడ్స్ గారు ఆ ప్రజల భాషలో ప్రసంగించారు. ఆ బాలుడు పెరిగి, రాఫేల్ అనే పేరుతో బాప్తిస్మము పొంది, గురువు మీది ప్రేమచేత రోడ్స్ అనే ఇంటిపేరును కూడ పెట్టుకున్నాడు.

రోములో వేదాంతము చదివి, ముప్పై ఏళ్లు దాటిన పెద్దమనిషి ఒక పల్లె పిల్లవాని ముందు విద్యార్థియై కూర్చున్నారు. నేర్పించడానికి వచ్చినవాడు ముందు నేర్చుకోవాలని మేము ఈ సంగతిలో చూస్తున్నాము.

వెల లేని ముత్యము

1627 మార్చి 19న పేరో మార్క్వెస్ అనే తోటి గురువుతో రోడ్స్ గారు దేశపు ఉత్తర భాగములో దిగారు. వారు వచ్చినది వర్తకుల ఓడ. ఏమి సరుకులు వచ్చాయో చూడడానికి జనము గుమిగూడారు. తమ దగ్గర మిక్కిలి విలువైన ముత్యమొకటి ఉందని, అతి బీదవాడు కూడ దానిని పొందవచ్చునని రోడ్స్ గారు వారి భాషలోనే చెప్పారు. ఏదీ చూపించమన్నారు. అది కంటికి కనబడేది కాదని చెప్పి, క్రీస్తు మార్గమును గూర్చి బోధించారు. ఆ భాషలో మతమును, మార్గమును చెప్పడానికి ఒకటే మాట. ముత్యమును కనుగొన్న వర్తకుని ఉపమానము మీకు జ్ఞాపకము వస్తున్నది కదా!

ఉత్తర ప్రభువైన త్రిన్ త్రాంగ్ ఆయనను మొదట ఆదరించారు. రోడ్స్ గారు కానుకగా ఇచ్చిన చక్రముల గడియారము, ఇసుక గడియారము ఆ ప్రభువుకు ఎంతో నచ్చాయి. ప్రభువు సహోదరి బాప్తిస్మము తీసుకొని కేథరిన్ అనే పేరు పొందింది. ఆమె క్రైస్తవ బోధను తన భాషలో పద్యములుగా కూర్చింది. రోడ్స్ గారి లెక్క ప్రకారము మొదటి ఏడు 1,200 మంది, రెండవ ఏడు 2,000 మంది, మూడవ ఏడు 3,500 మంది బాప్తిస్మము పొందారు.

ప్రజల ఆచారములలో సువార్తకు అడ్డము కానివాటిని ఆయన తీసివేయలేదు. కొత్త సంవత్సరపు పండుగకు అక్కడివారు ఇంటి ముందు పొడవైన వెదురు గడ నాటుతారు. విశ్వాసులు ఆ గడను నాటవచ్చునని, దాని కొనను సిలువ ఉంచుమని ఆయన నేర్పారు. దేవుని పేరునకు కూడ పరభాషా పదము తేలేదు. ఆకాశమునకు, ప్రభువునకు ప్రజలు వాడే మాటలనే చేర్చి 'పరలోక ప్రభువు' అనే అర్థము వచ్చే పేరును తన పుస్తకములో వాడారు.

అయితే ఒక విషయములో ఆయన రాజీపడలేదు. విశ్వాసికి ఒక్క భార్యయే ఉండాలన్నారు. పెద్ద ఇండ్లలో అనేకమంది భార్యలను ఉంచుకొనే దేశము అది. ఈ బోధవలన కోటలో శత్రువులు పెరిగారు. ఇండ్లనుండి బయటికి పంపబడిన స్త్రీల కోపములో న్యాయమైన దుఃఖము కూడ ఉండి ఉంటుంది. దానిని మనము మరువరాదు. ప్రభువు మనసు మారింది. బోధించడము నిషేధించారు. 1630లో రోడ్స్ గారిని ఆ రాజ్యమునుండి వెళ్లగొట్టారు.

కాపరి లేని మందకు కాపరులు

ఇక్కడే మనము నేర్చుకోవలసిన ముఖ్యమైన సంగతి ఉన్నది. వెళ్లగొట్టే రోజు వస్తుందని రోడ్స్ గారు ముందే గ్రహించారు. విశ్వాసులలో నమ్మకమైన యౌవనస్థులను ఏర్పరచి, వాక్యము నేర్పి, ఉపదేశులుగా నిలబెట్టారు. వారు సంఘము ముందు మూడు ప్రమాణములు చేశారు. మరల గురువులు వచ్చేవరకు పెండ్లి చేసుకొనక సేవలో ఉంటాము. వచ్చిన కానుకలను స్వంతము చేసుకొనక అందరికి ఉమ్మడిగా ఉంచుతాము. మాలో పెద్దగా ఏర్పరచబడినవానికి లోబడుతాము. ఇవే ఆ ప్రమాణములు.

రోడ్స్ గారు వెళ్లిన తరువాత ఊరూరా తిరిగినది వీరే. పిల్లలకు బోధించినది, రోగులను చూసినది, చనిపోయినవారిని సమాధి చేసినది వీరే. 1631లో మరల గురువులు ఆ దేశములోనికి వచ్చి చూసేసరికి సంఘము చెదరిపోలేదు, పెరిగి ఉన్నది.

రోడ్స్ గారు మకావ్‌లో పదేళ్లు గడిపారు. అక్కడ చైనావారు బాప్తిస్మము పొందితే తమ పొడవైన జుట్టు కత్తిరించుకోవాలని కొందరు పట్టుబట్టేవారు. రోడ్స్ గారు ఒప్పుకోలేదు. సువార్త కోసివేయమన్నది పాపమునే గాని జుట్టును కాదని ఆయన వాదించారు.

1640లో ఆయనను మరల వియత్నాము దక్షిణ భాగమునకు పంపారు. అయిదేళ్లలో ఎన్నోసార్లు వెళ్లగొట్టబడి, ఎన్నోసార్లు తిరిగి వచ్చారు. పగలు దాగి, రాత్రివేళ పడవలలో తిరిగి విశ్వాసులను బలపరచేవారు. 1643లో అక్కడ కూడ ఉపదేశుల గుంపును ఏర్పరచారు. వారిలో చిన్నవాడు అంద్రెయ.

పందొమ్మిదేళ్ల అంద్రెయ

అంద్రెయ ఫూ యెన్ ప్రాంతపు పిల్లవాడు. తండ్రి లేడు. విధవరాలైన తల్లితో కలిసి 1641లో బాప్తిస్మము పొందాడు. 1644 జూలైలో ఒక అధికారి క్రైస్తవులను అణచమనే ఆజ్ఞతో వచ్చాడు. ఉపదేశులలో పెద్దవాడైన ఇగ్నేషియస్‌ను పట్టుకోవడానికి సైనికులు రోడ్స్ గారి ఇంటికి వెళ్లారు. ఆయన ఊరిలో లేడు. ఇంటిలో జబ్బుపడిన తోటి ఉపదేశులకు పరిచర్య చేస్తూ అంద్రెయ ఉన్నాడు. ఉత్త చేతులతో తిరిగి వెళ్లలేక సైనికులు అతనిని కొట్టి, కట్టి తీసుకుపోయారు. విశ్వాసము విడువుమంటే విడువలేదు. చెరసాలకు వచ్చినవారితో తన ప్రాణము కొరకు గాక, చివరివరకు నమ్మకముగా నిలిచేటట్టు తన కొరకు ప్రార్థించుమని కోరాడు.

జూలై 26న అతనిని ఊరి బయటికి తీసుకుపోయారు. రోడ్స్ గారు వెంట నడిచారు. రక్తము నేల మీద పడకుండ చాప పరచబోతే అంద్రెయ వద్దన్నాడు. తన ప్రభువు రక్తము నేల మీద పడినట్టు తన రక్తము కూడ నేల మీదనే పడనిమ్మన్నాడు. ఈటెలతో పొడిచి, తల నరికారు. చివరి ఊపిరి వరకు అతని నోట యేసు నామము ఉన్నదని చూసినవారు చెప్పారు. అప్పటికి అతనికి 19 ఏళ్లు.

మరుసటి ఏట రోడ్స్ గారికి కూడ మరణశిక్ష విధించారు. పిమ్మట దానిని మార్చి, దేశములో మరల అడుగు పెట్టకూడదని 1645 జూలైలో పంపివేశారు. ఆయన వెళ్లిన కొద్ది దినములకే ఇగ్నేషియస్, విన్సెంట్ అనే ఇద్దరు ఉపదేశులు శిరచ్ఛేదము పొందారు. గురువుకు ప్రాణము దక్కింది, శిష్యులు ప్రాణము పెట్టారు. ఈ భారము రోడ్స్ గారి హృదయమును జీవితాంతము విడువలేదని ఆయన తరువాత చేసిన పనిని బట్టి తెలుస్తున్నది.

మూడున్నరేళ్ల ప్రయాణము

1645 డిసెంబరులో మకావ్ విడిచి ఆయన రోముకు బయలుదేరారు. దారిలో జావా దీవిలోని బటావియాలో, అంటే ఇప్పటి జకార్తాలో, డచ్చివారు ఆయనను చెరసాలలో వేశారు. రహస్యముగా కథోలిక ఆరాధన జరిపించారన్నదే నేరము. ఆ డచ్చివారు ప్రొటెస్టెంటులు. ఈ మాట వ్రాయడానికి మాకు సిగ్గుగా ఉన్నా దాచడము లేదు. క్రీస్తు పేరు పెట్టుకున్నవారే ఒకరినొకరు బంధించుకున్న కాలమది. మూడు నెలల తరువాత విడిపించారు. ఆ పిమ్మట పారశీక దేశము, అర్మేనియా, టర్కీ ప్రాంతముల గుండా భూమార్గమున నడిచి, 1649 జూన్‌లో రోము చేరారు. వెంట అంద్రెయ శిరస్సును కూడ తీసుకువెళ్లారు.

రోములో ఆయన అడిగినది ఒకటే. ఆ దేశపు సంఘమునకు ఆ దేశపు బిడ్డలే గురువులు కావాలి. వారిని అభిషేకించడానికి బిషప్పులను పంపండి. పరదేశులను వెళ్లగొట్టవచ్చును గాని పుట్టినవారిని ఎక్కడికి వెళ్లగొడతారు? ఆసియాలోని కథోలిక సంఘముల మీద పెత్తనము తమదేనన్న పోర్చుగీసు ప్రభుత్వము దీనిని ఎదిరించింది. రోడ్స్ గారు ఫ్రాన్సు వెళ్లి సేవకు ముందుకు వచ్చే యౌవనస్థులను వెదకారు. పెద్దలు మాత్రము 1654లో ఆయనను పారశీకమునకు పంపించారు. వృద్ధాప్యములో ఆయన మరల ఒక కొత్త భాష నేర్చుకున్నారు. 1660 నవంబరు 5న ఇస్ఫహాన్ నగరములో కన్ను మూశారు. ప్రేమించిన దేశమును మరల చూడలేదు.

నాటిన విత్తనము

ఆయన చనిపోకముందే, 1658లో, ఆయన విన్నపము ఫలించి ఇద్దరు ఫ్రెంచి గురువులను బిషప్పులుగా నియమించారు. 1668లో వియత్నాము వారిలో మొదటి నలుగురు గురువులు అభిషేకము పొందారు. ఆ నలుగురు ఉపదేశులుగా పని చేసి వచ్చినవారే.

1651లో రోములో రోడ్స్ గారు రెండు పుస్తకములు అచ్చు వేయించారు. ఒకటి వియత్నాము, పోర్చుగీసు, లాటిన్ భాషల నిఘంటువు. రెండవది బాప్తిస్మమునకు సిద్ధపడేవారికి ఎనిమిది దినములలో బోధించే ఉపదేశ గ్రంథము. వియత్నాము భాషను లాటిన్ అక్షరములలో పెట్టి, రాగములకు గుర్తులు ఉంచారు. ఇది ఆయన ఒక్కరి పని కాదు. పీనాగారు దారి వేశారు. అమరల్, బార్బోసా అనే ఇద్దరు గురువులు చేసిన నిఘంటువులను వాడుకున్నానని ఆయనే ముందుమాటలో ఒప్పుకున్నారు. ఊరు పేరు లేని ఎందరో వియత్నాము విశ్వాసులు కూడ సహాయపడి ఉంటారు.

అంతవరకు ఆ దేశములో చదువంటే చైనా లిపి, దాని పద్ధతిలో వ్రాసే దేశీయ లిపి. వేలకొద్ది గుర్తులు నేర్వడానికి ఏళ్లు పట్టేది. కొత్త అక్షరములు రెండు వందల ఏళ్లకు పైగా చాలా వరకు క్రైస్తవుల మధ్యనే ఉండిపోయాయి. ఫ్రెంచివారి పాలనలో, ఆ తరువాత స్వాతంత్ర్యము కోరిన దేశభక్తుల చేతిలో అవి దేశమంతటికి ప్రాకాయి. చైనా లిపిలో జరిగే ఉద్యోగ పరీక్షలు 1919తో ముగిశాయి. 1945లో స్వతంత్రము ప్రకటించుకున్న ప్రభుత్వము పల్లె ప్రజలకు చదువు నేర్పినది ఈ అక్షరములతోనే.

మన ప్రొటెస్టెంటు మిషనరీలు 1911లో ఆ దేశములో పని మొదలుపెట్టారు. వారు, స్థానిక పండితులు కలిసి తర్జుమా చేసిన పూర్తి బైబిలు 1926లో వెలువడింది. అది కూడ ఆ అక్షరములలోనే. దేవునికి వారు వాడిన పేరు కూడ రోడ్స్ గారి పుస్తకములో ఉన్న ఆ 'పరలోక ప్రభువు' అనే పేరే. ఒకరు విత్తగా మరొకరు కోశారు.

మనకు ఇందులో ఏమున్నది?

రోడ్స్ గారిలో లోపములు లేకపోలేదు. బుద్ధుని గూర్చి, అక్కడి ప్రజల నమ్మకములను గూర్చి ఆయన తన గ్రంథములో కఠినమైన మాటలు వ్రాశారు. ఈనాడు పొరుగువారితో కలిసి బ్రతికే మనము ఆ పద్ధతిని అనుసరింపనక్కరలేదు. సత్యము చెప్పడానికి ప్రక్కవానిని కించపరచవలసిన పని లేదు.

అయితే ఒక ప్రశ్న మనలను మనము వేసుకోవాలి. మన పాస్టరుగారు రేపటినుండి ఆరు నెలలు రాలేకపోతే మన గుడి తలుపులు తెరచి ఉంటాయా? మన పిల్లలలో ఒక అంద్రెయ, ఒక రాఫేల్ ఉన్నారా? వారికి వాక్యము నేర్పుతున్నామా, లేక ఏదైనా ఉద్యోగము వచ్చేవరకు గుడికి రమ్మంటున్నామా? ఎండలో వానలో సైకిలు మీద తిరిగే ఉపదేశిగారి ఇంట పొయ్యి వెలిగినదో లేదో ఎప్పుడైనా అడిగామా? పంట ఇంటికి వచ్చినప్పుడు ఆయన వాటా జ్ఞాపకము ఉన్నదా?

సేవకుడు వస్తాడు, పోతాడు. ఒక ఊరి బిడ్డ నోటిలో, ఆ ఊరి భాషలో నాటుకున్న వాక్యమును మాత్రము ఏ ప్రభువూ సరిహద్దు దాటించి పంపలేడు.

ఈ వారము కుటుంబ ప్రార్థనలో మీ ఊరి ఉపదేశిగారి పేరు ఎత్తి ప్రార్థించండి. ఆయనకు ఆ సంగతి చెప్పండి కూడ. ప్రభువు మన పల్లె సంఘములను తన వాక్యమందు స్థిరపరచును గాక. ఆమేన్.